ప్రశ్నను యాచించడమా?

ఆంగ్ల పత్రికల వ్యాసాలలోనూ, మనవాళ్ళు ఆంగ్లంలో రాసే రచనలలోనూ 'బెగ్స్ ద క్వశ్చన్' అనే పదబంధం తరచుగా కనిపిస్తుంది. వంతెన కట్టిన ఏడాదికే కూలింది, ఇది 'బెగ్స్ ద క్వశ్చన్', పర్యవేక్షించింది ఎవరు? ఇదీ వరస. రచయిత చెప్పదలచింది ఒక ప్రశ్న తలెత్తుతోందని మాత్రమే. అందుకు 'రెయిజెస్ ద క్వశ్చన్' అనే తేటమాట ఉండనే ఉంది.

ఆ పదబంధానికి అసలు అర్థం వేరు. ఏది నిరూపించాలో దానినే ముందుగా ఒప్పుకోమనడం అది. అరిస్టాటిల్ తర్కదోషాలను చర్చిస్తూ, మొదట తేల్చవలసిన విషయాన్నే అడిగి పుచ్చుకోవడమని దీనిని వర్ణించాడు. లాటిన్‌లో అది 'పెటీషియో ప్రిన్సిపీ' అయింది. 16వ శతాబ్దంలో ఆంగ్లానికి చేరేసరికి అడగడం కాస్తా యాచించడమైంది. ఇక్కడ 'క్వశ్చన్' అంటే ప్రశ్న కాదు, వివాదాంశం. ఈ మెలిక తెలియనివారికి పదబంధం తప్పుదారి చూపడంలో వింత లేదు.

మనకీ దోషం కొత్తది కాదు. గౌతముని న్యాయసూత్రాలు పేర్కొన్న అయిదు హేత్వాభాసాలలో సాధ్యసమం ఒకటి. సాధించవలసిన విషయానికి ఎంత రుజువు కావాలో, చూపిన హేతువుకూ అంత రుజువు కావలసివస్తే అది సాధ్యసమం. రెండు మాటలు ఒకదానినొకటి ఆనుకుని నిలబడితే అది అన్యోన్యాశ్రయం. గ్రీకుల దోషమూ మన సాధ్యసమమూ అచ్చంగా ఒకటేనని అనను గాని, దగ్గరి చుట్టాలే.

'తెలుగు మాధ్యమంలో చదివితే లాభం లేదు, ఎందుకంటే ఆంగ్లంలో చదివిందే చదువు' అని వాదించేవారున్నారు. ఇందులో హేతువు ఎక్కడుంది? తేల్చవలసిన మాటే వేషం మార్చుకుని వచ్చింది. 'తెలుగులోనే బోధించాలి, ఎందుకంటే మాతృభాషలో బోధించడమే సరైనది' అన్నా అంతే. నేను రెండవ పక్షం వాడినే అయినా, ఆ వాదాన్ని ఒప్పుకోలేను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టాలన్న నిర్ణయం మీద చర్చ సాగినప్పుడు, లక్షలమంది పిల్లల చదువు దానితో ముడిపడి ఉంది. అటువంటిచోట దోషాన్ని దోషమని పట్టుకోవడానికి ఒక పేరు చేతిలో ఉండాలి. పేరు అరిగిపోతే దోషం కంటికి ఆనదు.

భాష మారుతుంది, నిఘంటువులు కొత్త అర్థాన్నీ చేర్చుకున్నాయి, ఇంకా ఈ చాదస్తమెందుకు అని అడగవచ్చు. నిజమే, ఇప్పుడు దానిని తప్పని కొట్టివేయడం కష్టం. అయితే చిక్కు మరొకటి ఉంది. పాత అర్థంలో వాడితే చాలామందికి తెలియదు, కొత్త అర్థంలో వాడితే తెలిసినవారు నొసలు చిట్లిస్తారు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త మార్క్ లీబర్‌మన్ 2010లో ఆ పదబంధాన్ని అసలు వాడవద్దనే సలహా ఇచ్చాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. ప్రశ్న తలెత్తితే 'రెయిజెస్' అని రాయండి. వాదంలో దోషముంటే, నిరూపించవలసినదాన్నే ఆధారంగా చూపుతున్నారని విడమరచి రాయండి.

తెలుగులో రాసేవారికి ఆ ఇబ్బంది కూడా లేదు. సాధ్యసమమనే మాట ఇంకా అరిగిపోలేదు. వాడకపోవడం వల్ల మరుగున పడిందంతే.