నర్సమ్మ నంబరు ఊరికి తెలియాలి

నెల తప్పిన సంగతి మన పల్లెల్లో మూడో నెల నిండితేగాని బయట పెట్టరు. దిష్టి తగులుతుందని కొందరు, నిలుస్తుందో లేదోనని కొందరు గుట్టుగా ఉంచుతారు. కాని గర్భిణి పేరు 12 వారాలలోపే నమోదు కావాలి. రక్తపరీక్ష, బి.పి. పరీక్ష జరగాలి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు అందాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపు కట్టేది ఆ తొలి వారాలలోనే. ఇల్లు గుట్టుగా ఉంచే రోజులలోనే వైద్య సలహా ముఖ్యంగా కావాలి.

ఆ రోజులలో ఆమెకు సులువైన దారి ఫోను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో డాక్టర్లు గర్భిణులను పరీక్షించే పథకం 2016లో మొదలైంది. అది నాలుగో నెల నుంచి వర్తిస్తుంది. అంతకుముందు దిక్కు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ఆ ఫోను మోగి మోగి ఆగిపోతే, బదిలీ అయిపోయిన నర్సమ్మ నంబరే ఇంకా ఊళ్లో తిరుగుతుంటే ఆ ఇల్లాలు ఎవరిని అడగాలి?

పేరు నమోదు చేసేటప్పుడు గర్భిణి ఫోను నంబరు ప్రభుత్వం రాసుకుంటుంది. సిబ్బంది నంబర్లు రాసేందుకు తల్లీబిడ్డల కార్డులో చోటు ఉంది. కాని ఆ కార్డు చేతికి వచ్చేది నమోదు తర్వాతే. అసలు అవసరం అంతకుముందే.

ఇందుకు నర్సమ్మలను తప్పుపట్టి ప్రయోజనం లేదు. మైదానంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాలలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది లెక్క. టీకాలు, సర్వేలు, సమావేశాలు అన్నీ ఏఎన్ఎం మీదే. టీకా వేస్తున్న మనిషి ఫోను ఎత్తలేదు. లోపం ఏర్పాటులో ఉంది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. అయినా మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి 100 కిలోమీటర్లకు పైనే. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల తండాల వారికి ఒక ఫోను జవాబు ఒక రోజు కూలి మిగులుస్తుంది. ఒక్కోసారి ప్రాణమూ నిలుపుతుంది.

చేయవలసినవి పెద్ద ఖర్చు పనులు కావు. ఫోను నంబరు మనిషిది కాక ఉపకేంద్రానిది కావాలి. నర్సమ్మ మారినా నంబరు మారకూడదు. ఆమె ఎత్తలేనప్పుడు పలికేందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకరిని నియమించాలి. ఎత్తలేని ఫోనుకు ఆ సాయంత్రంలోగా తిరిగి ఫోను చేయాలి. ఈ నంబర్లను పంచాయతీ కార్యాలయం, అంగన్‌వాడీ, రచ్చబండ వద్ద పెద్ద అక్షరాలతో రాయించాలి. సిగ్నల్ అందని తండాలకు ఆశా కార్యకర్త వారం వారం వెళ్లాలి.

గ్రామస్థుల బాధ్యతా ఉంది. నెల తప్పగానే ఆశా కార్యకర్తకు చెప్పాలి. పరీక్ష కిట్టు ఆమె వద్ద ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో సెల్లు మగవారి జేబులోనే ఉంటే కోడలు ఎవరికి చెప్పుకుంటుంది? రక్తం కనబడినా, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా నర్సమ్మ ఫోను కోసం ఎదురు చూడవద్దు. గర్భం గర్భసంచిలో కాక గొట్టంలో నిలిచినా ఈ లక్షణాలే కనిపిస్తాయి. వెంటనే 108కి ఫోను చేయాలి.

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని ఊరూరా చెప్పిన ఆరోగ్యశాఖ, తొలి నెలలో వచ్చే పిలుపును కూడా అంత ముఖ్యంగా చూడాలి. జిల్లా అధికారులు వెంటనే పూనుకోవాలి.