పెరటితోటకు నీటి లెక్క

పెరటితోటకు నీటి గొట్టములు వేయింపదలచిన గృహస్థులు మొట్టమొదట వర్తకుని ధర నడుగుచున్నారు. ముందు పరీక్షింపవలసినది తమ బావినని మా యభిప్రాయము. 20 లీటర్ల బకెట్టు నిమిషమున నిండినచో గంటకు 1,200 లీటర్లు వచ్చును; గంటకు 4 లీటర్లు విడుచు డ్రిప్పర్లు ఏకకాలమున 300కు మించి పనిచేయవు. 100 చదరపు మీటర్ల పచ్చికకు 5 మిల్లీమీటర్ల వానకు సమానమగు తడి యిచ్చుటకు 500 లీటర్లు వలయును. ఆ నీటినే 50 మల్లెపొదలకు పదేసి లీటర్లు పోయవచ్చును. కావున పచ్చికను తగ్గించి, పిదప గొట్టములు, ఫిల్టరు, కూలి, మరమ్మతులు వేఱువేఱుగ వ్రాయించి ఇద్దరు ముగ్గురు వర్తకుల ధరలను పోల్చుకొనవలయును. ఫిల్టరు మాని మిగిల్చిన సొమ్ము, రంధ్రములు పూడిననాడు మరల వ్యయమగును. భూగర్భజలము ఇరుగుపొరుగుల యుమ్మడి సొత్తు. ఒకరి పచ్చికకై పదుగురి బావు లెండుట నాగరకము గాదు.