ప్రాదేశిక సైన్యమున స్త్రీలకు చోటు

తమ వృత్తిని మానక, పిలుపు వచ్చినప్పుడు మాత్రము సైనికసేవ చేయువారి కొఱకు మన దేశమున ప్రాదేశిక సైన్యము కలదు. దీనిని 1949 అక్టోబరులో రాజాజీ ప్రారంభించిరి. ఇట్టివారికి ప్రత్యేక కార్యము లప్పగింతురా యను సందేహము వలదు. రైల్వే దళములను రైల్వే యుద్యోగులతోనే కూర్చిరి. సున్నపురాతి గనుల త్రవ్వకముచే బోడులైన మస్సూరీ కొండలపై 1982 మొదలు చెట్లు పెంచినవారు కొలువు చాలించిన సైనికులు. నేర్చిన పనియే యోగ్యత యగుట నాకు మిక్కిలి నచ్చినది.

మఱి స్త్రీల మాట? పౌరులలో ఏ వ్యక్తియైనను చేరవచ్చునని 1948 నాటి చట్టపు ఆఱవ సెక్షను చెప్పుచున్నను, పదాతిదళములలో మనకు చోటీయకుండిరి. ఆ "వ్యక్తి" యను మాటలో స్త్రీయు చేరునని 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినది. ఆ యొక్క మాటకు అర్థము తేలుటకు డెబ్బది యేండ్లు పట్టినది!