కోటసారస్ రాక్షసుడా?

డైనోసారును తెలుగులో ‘రాక్షసబల్లి’ అనడం నాకేనాడూ రుచించలేదు. హైదరాబాదు నౌబత్ పహాడు మీది బిర్లా సైన్సు మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం ఎదుట నిలుచున్నాక ఆ అరుచి మరింత పెరిగింది.

2000వ సంవత్సరంలో అక్కడ కొలువుదీరిన ఈ జంతువు పరదేశం నుండి వచ్చినది కాదు. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికినది. కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు అక్కడ లభించాయి. జురాసిక్ యుగపు తొలినాళ్లవి. ఇంచుమించు 18 కోట్ల సంవత్సరాల నాటివి. పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. తాళపత్రంలో గ్రంథపాతమైన చోట పరిష్కర్త ఊహించి పూరించినట్లు, మనం చూచే తల నిపుణులు పూరించినదే. ఆ పళ్లను బట్టి చూచినా ఇది శాకాహారి. ఆకులలములు మేసి బ్రదికిన సాధుజీవిని రాక్షసుడనడం ఏమి న్యాయం? బల్లి అనడమూ సరికాదు. పక్షులు డైనోసార్ల సంతతియే అని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయం. ఆ లెక్కన ఇది గోడమీది బల్లి కంటె పెరటిలోని కోడికి దగ్గరి చుట్టం.

గ్రీకుమాటకు అర్థమదే కదా అని మిత్రులు ఆక్షేపింపవచ్చు. 1842లో రిచర్డ్ ఓవెన్ ఆ పదాన్ని కల్పించినప్పుడు ‘భయం గొలిపేటంత గొప్పది’ అనే అర్థంలోనే వాడాడు. భయమూ మహత్త్వమూ రెండూ స్ఫురించే ‘భీమ’ శబ్దం మనకుండగా రాక్షసుడి దాకా పోవడమెందుకు? అలాగని కొత్త పదమొకటి పుట్టించాలన్న కోరిక నాకు లేదు. రైలును రైలన్నట్లే దీనిని డైనోసారంటే సరిపోతుంది.

అంతకంటె ముఖ్యం, పి. యాదగిరి 1988లో దీనికి పెట్టిన పూర్తి పేరు: కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ప్రాణహిత ఒడ్డున సిరొంచ సమీపంలో ఉన్న కోట అనే ఊరి పేరు ఆ శిలాస్తరాలకు వచ్చింది; వాటి నుండి దీనికి సంక్రమించింది. చివరి ‘ఎన్సిస్’ లాటిను ప్రత్యయం, ‘ఆ చోటికి చెందినది’ అని అర్థం. విదర్భ నుండి వైదర్భి వచ్చినట్లే, మన తద్ధితాల వంటిదే. వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయుడికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఏది?

ఇదే ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన మరొక డైనోసారు కలకత్తాలో భారత గణాంక సంస్థ వారి వద్ద ఉన్నది. 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ‘బారాపా’ అంటే వంగభాషలో పెద్దకాలు. ‘టాగోరై’ రవీంద్రుని గౌరవార్థం. మన లోయలో దొరికిన జంతువుతో వంగీయులు తమ మాటనూ తమ కవినీ ప్రపంచమంతటా పలికిస్తున్నారు. నాకు అసూయ కలిగిన మాట నిజం, కాని వారిని తప్పుపట్టను. ఎముకలను తవ్వి, కడిగి, కూర్చిన శ్రమ వారిది.

యామన్‌పల్లి పేరును మాత్రం శాస్త్రమే మనకు కట్టబెట్టింది. టైరనోసారస్‌ను తడుముకోకుండా పలికే మన పిల్లల చేత దీనిని ఒక్కసారి పలికించి చూడండి. ఆ ఊరు ఎక్కడున్నదని తప్పక అడుగుతారు. పటం దగ్గర పెట్టుకోండి.