లబుషేన్.. ఈ ఇంటిపేరు ఎక్కడిది?

ఆస్ట్రేలియా స్కోర్‌కార్డు చూడండి. స్మిత్, హెడ్, మార్ష్ లాంటి పేర్ల మధ్య ఒక్కటి మాత్రం వేరుగా కనిపిస్తుంది.. లబుషేన్! అక్కడ చాలా అరుదైన ఇంటిపేరు ఇది. మార్నస్ పుట్టింది దక్షిణాఫ్రికాలో. 10 ఏళ్ల వయసులో కుటుంబంతో ఆస్ట్రేలియా వచ్చేశాడు. కానీ పేరు మూలం మాత్రం ఫ్రాన్స్‌ది!

1685లో ఫ్రెంచ్ రాజు 14వ లూయీ ప్రొటెస్టెంట్లకున్న మతస్వేచ్ఛను రద్దు చేశాడు. హ్యూగెనాట్లు అని పిలిచే ఆ జనం లక్షకు పైగా దేశం విడిచి పారిపోయారు. కొందరు హాలెండ్ చేరారు. వాళ్లలో దాదాపు 200 మందిని డచ్ ఈస్టిండియా కంపెనీ 1688, 89ల్లో ఓడలెక్కించి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు పంపింది. తర్వాత ఇంకొందరు వచ్చారు.

మనకు బాగా తెలిసిన డివిలియర్స్, డుప్లెసిస్ కూడా ఈ బాపతు పేర్లే. విలియర్స్ అంటే మూలంలో పల్లె. ప్లెసిస్ అంటే కొమ్మలు అల్లి కట్టిన దడి. అంటే ఒకరిది పల్లె పేరు, ఇంకొకరిది దడి కట్టిన చోటు పేరు. మన తంగుటూరి, కొవ్వూరి లాగే అన్నమాట!

అయితే కంపెనీ వీళ్లకు డచ్ రైతుల మధ్యే భూములిచ్చింది. 1701లో బడుల్లో డచ్ మాత్రమే నేర్పాలంది. రెండు మూడు తరాలు తిరిగేసరికి ఇళ్లలో ఫ్రెంచ్ మాయం! మిగిలింది ఇంటిపేరొక్కటే. అదీ ఉన్నదున్నట్టు మిగల్లేదు. ఆఫ్రికాన్స్‌లో అది దాదాపు ‘లాబుస్కాఖ్ని’. ఆస్ట్రేలియా వెళ్లాక ‘లబుషేన్’ అయింది.

ఎవరి నోట్లో పడితే వాళ్లకు తగ్గట్టు పేరు మారుతుంది. అమెరికాలో మన ఇంటిపేర్లకు జరుగుతున్నదీ ఇదే కదా! పలకలేరని సగానికి కత్తిరించేవాళ్లూ ఉన్నారు. పేరు పోయినా ఊరు గుర్తుంటే పర్లేదు. కానీ చాలామందికి ఆ ఊరూ తెలీదు.

మీ ఇంటిపేరు ఏ ఊరిదో మీకు తెలుసా? తెలియకపోతే ఈ ఆదివారం తాతయ్యకో నానమ్మకో ఓ ఫోన్ కొట్టండి. గూగుల్‌కి తెలియని కథ వాళ్ల దగ్గరే దొరకొచ్చు.