రాతిని పగులగొట్టుటకు ముందు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో పోటీపరీక్షలకు చదువుకొను విద్యార్థికి షేల్ వాయువనునది ఒక చిన్న ప్రశ్న. భూగర్భమున వేల అడుగుల లోతున, గట్టి రాతిపొరలలో చిక్కుకొన్న చమురును, వాయువును విడిపించుటకై నీటిని, ఇసుకను, కొన్ని రసాయనములను మిక్కిలి ఒత్తిడితో బావిలోనికి పంపి రాతిని పగులగొట్టుదురు. పగుళ్ళు తిరిగి మూసుకొనకుండ ఇసుకరేణువులు అడ్డుపడును. జవాబునకు ఇంతమాత్రము చాలును.

కాని తిరిగివచ్చు ఆ ఉప్పునీరు ఎక్కడికి పోవలెను? అమెరికాలోని ఓక్లహోమాలో చమురుబావుల వ్యర్థజలమును లోతున దింపుచు రాగా, 2016లో పానీ పట్టణము వద్ద 5.8 తీవ్రతగల భూకంపము కలిగినది. (ఆ పేరు వినగానే హైదరాబాదువారికి నీరే స్ఫురించును!) ఫ్రాన్సు 2011లోనే ఈ పద్ధతిని నిషేధించినది. భారత ప్రభుత్వము 2018లో ఇట్టి వనరుల అన్వేషణకు విధానమును ఆమోదించినది. కృష్ణా డెల్టాలో నాగాయలంక వద్ద దొరకిన చమురు ఇట్టి గట్టిరాతిలోనిదే.

డెల్టా యనగా కాలువనీటిమీద బ్రతుకు నేల. ధవళేశ్వరము ఆనకట్ట నీరు పారు కోనసీమలో, పసర్లపూడివద్ద 1995 జనవరి 8న ఓ.ఎన్.జి.సి. బావి బద్దలై అంటుకొన్న మంట 65 దినములు ఆరలేదు. ఊళ్ళు ఖాళీచేయించిరి, కొబ్బరిచెట్లు నిలువున మాడినవి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరము గ్రామములో గెయిల్ గొట్టము పేలి, 20 మందికి పైగా మరణించిరి.

ఈ రెండు ప్రమాదములును రాతిని పగులగొట్టుటవలన కలిగినవి కావు. అట్లు చెప్పుట అసత్యము. అయితే మామూలు బావిని, మామూలు గొట్టమును కాపాడలేకపోయిన చోట, అంతకంటె చిక్కైన పనికి ఊరివారి ప్రశ్నలు ఎక్కువ కావలెనా, తక్కువ కావలెనా? 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వము పర్యావరణ నిబంధనలను సవరించి, చమురు, వాయువుల అన్వేషణ దశకు బహిరంగ విచారణ అక్కరలేదనినది. ఆ సవరణ రద్దు కావలెను. బహిరంగ విచారణ యనగా ఎంతపని? ఒక పందిరి, ఒక మైకు, కలెక్టరుగారు, ఎదుట ఊరివారు. అన్ని కోట్లు వెచ్చించు సంస్థకు ఒక పూట బరువగునా?

వాయువు అక్కరలేదని ఎవరనగలరు? నగరములలో పొయ్యి వెలుగవలెను. పొయ్యి ఒక చోట, బావి ఒక చోట అగుటవలననే ఈ ప్రశ్న పరీక్షాపత్రము దాటి రాకున్నది. డెల్టా పాఠశాలలలో ఉపాధ్యాయులు పిల్లలచేత తమ ఊరి పటము గీయింపవచ్చును: బావి ఎక్కడ, గొట్టము ఎటు, కాలువ ఎటు, తమ బడి దానికెంత దూరము.