చవక వేరు, విలువ వేరు

ఐనవిల్లి కొబ్బరి వర్తకుడు కురిడీ కాయను చెవి దగ్గర ఆడించి చూడనిదే బేరం కుదుర్చుకోడు. షేర్లకూ అదే నీతి.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో చూపిన రూ.5,040 కోట్ల నగదు అసలు లేదని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకోగానే, షేరు రూ.178.95 నుంచి రూ.39.95కు పడింది. పాత ధరతో పోల్చి ‘చవక’ అన్నవారికి 9వ తేదీన ధర ఇంకా దిగింది. పాత ధరే దొంగ లెక్కల మీద నిలిచింది. అది కొలబద్ద కాజాలదు.

మిగిలిన అసలు సరకు ఖాతాదారులు, ఇంజనీర్లు. ప్రభుత్వం కొత్త బోర్డును వేశాక, ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు రూ.58 చొప్పున 31 శాతం వాటాకు పాట గెలిచింది. నలభైకి కొన్నవారికి లాభమే. కాని అది జూదపు లాభం. లెక్కలు తేలేదాకా ఆగి, నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి కొనడమే వర్తకం.